అల్లుడికి పని పడిన రోజు

కణజీవశాస్త్ర పరిశోధనాలయం రెండో అంతస్తులో అందరికీ ఆమె వదిన. అక్కడ ఎవరితోనూ ఆమెకు చుట్టరికం లేదు. నలభై దాటాక పరిశోధక విద్యార్థినిగా చేరిన మనిషిని పేరు పెట్టి పిలవడానికి పాతికేళ్ల తోటి విద్యార్థులకు నోరు రాలేదు. మేడం అంటే ఆమె ఒప్పుకోలేదు. ఆంటీ అన్నవాడు ఒకే ఒక్కసారి అన్నాడు. చివరికి వదిన దగ్గర సంధి కుదిరింది. ఆ సంధికి లోబడనివాడు ప్రయోగశాల పెద్దాయన ఒక్కడే. ఆయన ఆడవాళ్లందరినీ అమ్మా అంటాడు, మగవాళ్లందరినీ నాయనా అంటాడు. శుభవార్త చెప్పినా, ఉన్న కొంప మునిగిందని చెప్పినా అదే గొంతు. ఏది చెప్పాడో తెలియడానికి ఆయన గది బయటికి వచ్చి కాసేపు ఆలోచించుకోవాలి.

అంతకుముందు వదిన ఆడపిల్లల బడిలో సైన్సు టీచరు. ఏళ్ల తరబడి నల్లబల్ల మీద ఒక సున్నా గీసి, మధ్యలో ఒక చుక్క పెట్టి, ఇదే కణం అని చెప్పింది. కణమంటే నీళ్లు నింపిన సంచి, అందులో ఒక గింజ, అంతే. తను అలాగే నమ్మింది, పిల్లలచేత నమ్మించింది, నమ్మినవాళ్లకు మార్కులు వేసింది. ఒక ఏడాది ఆ పిల్లలను వెంటబెట్టుకుని ఈ పరిశోధనాలయం చూపించడానికి వచ్చింది. పిల్లలు మైక్రోస్కోపు తెర ముందు నిలబడి చూశారు, ఆవలించారు, ముందుకు వెళ్లిపోయారు. టీచరు మాత్రం అక్కడే ఆగిపోయింది.

తెర మీద బతికున్న కణం ఒకటి ఉంది. దాని లోపల మెరుస్తూ సన్నటి గొట్టాలు, వెంట్రుకను వెయ్యి చీలికలు చేసినా అంత సన్నగా రావు. మధ్యనుంచి అంచుల దాకా నాలుగువైపులా పాకుతున్నాయి. మైక్రోట్యూబ్యూల్స్ అంటారు వాటిని, సూక్ష్మనాళికలు. కణం ఒళ్లు నిలబెట్టేవి అవే, లోపలి సరుకులు ఒకచోటినుంచి ఒకచోటికి వెళ్లే బాటలూ అవే. బాట అన్నాక ఒకచోట పడి ఉండాలి కదా. ఇవి అలా లేవు. ఒక గొట్టం అంచుదాకా పెరుగుతుంది, ఏమనిపిస్తుందో ఏమో, కొసనుంచి కుప్పకూలుతుంది, మళ్లీ మొదలెడుతుంది. కట్టడం, కూల్చడం, కూల్చినచోటే మళ్లీ కట్టడం, అదీ ఇంటివాళ్లు లోపల కాపురం ఉండగానే. వదిన నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. బయట బస్సులో క్లాసు లీడరు తలలు లెక్కపెట్టింది, పిల్లలందరూ ఉన్నారు, బస్సు కదిలింది. టీచరు లేదన్న సంగతి సగం దారిలో గానీ ఎవరికీ తట్టలేదు. తన కోసం ఆ బస్సు తిరిగి వచ్చినందుకు ఆమె ఏమంత సంతోషించలేదని అప్పుడు చూసినవాళ్లు చెబుతారు.

ప్రవేశ పరీక్ష రాసింది, రెండోసారికి గట్టెక్కింది, ఉద్యోగం వదిలేసింది. భర్తకు కళ్లద్దాల దుకాణం. జనం చూపు బాగుచేసి బతికే మనిషికి, భార్య ఏదో చూస్తానంటే వద్దనడానికి వృత్తిధర్మం అడ్డొచ్చింది. అత్తగారికి అలాంటి అడ్డంకులేవీ లేవు. జీతం తీసుకుని పాఠం చెప్పేవాళ్లను చూశాను గానీ, జీతం మానుకుని పాఠం చెప్పించుకునేవాళ్లను నిన్నే చూస్తున్నానని ఆవిడ అంది. అని, కోడలి అన్నం డబ్బా తనే సర్దిచ్చింది.

నాళికలు ఒంటరి ప్రాణులు కావు. వాటిని అంటిపెట్టుకుని, వాటి మంచిచెడ్డలు చూసే ప్రోటీన్ల బలగం పెద్దది. ఏ కణంలో నాళికలు చక్రం ఆకుల్లా విచ్చుకోవాలో, ఏ కణంలో మోపు కట్టినట్టు ఒకే దిక్కుకు సాగాలో తేల్చేది ఆ బలగమే. ఇటుక ఏ ఇంటికైనా ఒకటే, ఇల్లు ఎలా ఉంటుందన్నది మాత్రం అందులో చేరిన చుట్టాలను బట్టి ఉంటుంది. ఈ సిద్ధాంతం వదినది. సిద్ధాంతం చేసి ఊరుకోక వరసలు కూడా కలిపింది. పక్కపక్క నాళికలను పట్టుకుని ఎవరి మధ్య ఎంత ఎడం ఉండాలో నిర్ణయించే ప్రోటీన్ పెద్దత్తయ్య. నాళిక పెరుగుతున్నంతసేపూ కొస మీద సవారీ చేసి, కూలడం మొదలవగానే కనబడకుండా పోయేది బావమరిది. నిక్షేపంగా ఉన్న నాళికను మధ్యకు కోసేది ఆడపడుచు. ఈ చివరి పేరు పెట్టేముందు తన ఆడపడుచు ఊళ్లో లేదని ఆమె రూఢి చేసుకుంది. అచ్చయ్యే పత్రాల్లో వీటన్నిటికీ అక్షరాలూ అంకెలూ కలిపిన మర్యాదైన పేర్లున్నాయి. రెండో అంతస్తులో మాత్రం ఆ మర్యాద ఎవరూ పాటించలేదు.

వదిన వాటాకు వచ్చిన ప్రోటీన్ అల్లుడు.

ఆ పేరు ఊరికే రాలేదు. నాళిక పొడుగునా ఆనుకుని కూర్చుంటాడు. కూర్చోవడం తప్ప మరో పని చెయ్యగా చూసినవాళ్లు లేరు. ఆమె లేత నాడీకణాలను పెంచి, కొన్నిటిలోనుంచి అల్లుణ్ణి పూర్తిగా తీసేసి చూసింది. ఇల్లు బోసిపోలేదు సరికదా, ఆయన వెళ్లిన సంగతే ఇంట్లో ఎవరూ గమనించినట్టు లేదు. కణం చక్కగా బతికింది, పొడుగాటి చేతులు చాచింది, నాళికలు ఎప్పటి వేగంతోనే పెరిగాయి. సరే తీస్తే లాభం లేదు, ఎక్కువ పోసి చూద్దామని కణంలో అల్లుణ్ణి కుమ్మరించింది. ఈసారి నాళికలన్నీ ఒకదానికొకటి అతుక్కుని లావుపాటి మోకుల్లా పేనుకున్నాయి. ఆమె ఆ బొమ్మ పట్టుకుని పెద్దాయన గదికి దాదాపు పరిగెత్తింది.

పెద్దాయన బొమ్మ చూశాడు. కళ్లద్దాలు తీసి మళ్లీ చూశాడు. "అమ్మా, ఉండాల్సినదానికి పది రెట్లు పెడితే ఏ ప్రోటీనైనా కట్టలు కట్టేస్తుంది. ఇరుకు గదిలో వందమందిని కుక్కి, చూశారా ఎంత ఐకమత్యమో అంటే ఎలా?" అన్నాడు. తర్వాత అదే గొంతుతో మరో మాట అన్నాడు. వచ్చే సమీక్షకల్లా అల్లుడికి ఏదో ఒక ఉద్యోగం చూపించాలట, లేకపోతే ఆయన్ను సాగనంపేసి ఆమెకు ఇంకో ప్రోటీన్ ఇస్తాడట.

వదిన బయటికి వచ్చి నడవలో నిలబడి ఆ మాటకు అర్థం కట్టుకుంది. ఇంకో ప్రోటీన్ అంటే మళ్లీ ఓనమాలు. ఆ కొత్తదాని మొహం సరిగ్గా చూసేలోపే ఆమె ఫెలోషిప్ గడువు ముగుస్తుంది. పెద్దాయన మర్యాదగా అన్నదాన్ని మామూలు మాటల్లోకి దించితే, వెళ్లి మళ్లీ నల్లబల్ల మీద సున్నా గీసుకోమని. లోపల ఏముందో చూశాక ఆ సున్నా గీయడం ఆమె చేతకాదు.

ఇక్కడ ఒక యుద్ధం సంగతి చెప్పాలి. మైక్రోస్కోపు గదికి ఒక అధిపతి ఉన్నాడు. ఏడాది పొడుగునా స్వెట్టరూ మఫ్లరూ వేసుకుని ఏసీ కింద కూర్చుంటాడు కాబట్టి ఆయనకు చలిదొర అని పేరు వచ్చింది. గది వేడెక్కితే యంత్రం లోహం సాగుతుంది, లోహం సాగితే బొమ్మ జరుగుతుంది, బొమ్మ జరిగితే ఆయన గుండె ఆగుతుంది. కణాలకు మాత్రం ఒంటి వెచ్చదనం కావాలి. యంత్రానికి చలి, కణానికి వేడి. ఇద్దరు గృహిణుల మధ్య ఒకే వంటిల్లులా ఆ గది ఏళ్లుగా రగులుతూ ఉంది. చివరికి కణాలుండే చోటు చుట్టూ పారదర్శకమైన పెట్టె ఒకటి బిగించి, అందులోకి వేడిగాలి వదిలారు. పెట్టె లోపలి రాజ్యం వదినది, బయటిది చలిదొరది.

పెట్టె లోపలి రాజ్యంలో వదిన శాసనం చాలా కఠినం. కణానికి చలి తగలకూడదు. చలి తగిలితే నాళికలు కూలిపోతాయని పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. పెద్దవయసు నాడీకణాల్లో కొన్ని చలికి తట్టుకుంటాయనీ ఉంది, కాకపోతే ఆ ఘనత వేరే పేరుమోసిన ప్రోటీన్లకు ఎప్పుడో రాసిచ్చేశారు. ఆ పేరుమోసినవాళ్లు ఇంకా కాపురానికి రాని లేత కణాలనే ఆమె ఏరికోరి తెచ్చుకుంది. అందుకని వాటికి మరీ జాగ్రత్త. కణాలకు పోసే ద్రవం వెచ్చబెడుతుంది, గాజుపలక వెచ్చబెడుతుంది, ఆఖరికి పట్టకారు కూడా వెచ్చబెడుతుంది. ఒక గదినుంచి ఇంకో గదికి గిన్నెలు తీసుకువెళ్లాలంటే అట్టపెట్టెలో వేడినీళ్ల సీసా పక్కన పెట్టి, శాలువా చుట్టి, బాలింతను నడిపించినట్టు నడిపిస్తుంది. ఇంత చేసినా ఎప్పుడైనా చలి తగిలిందని అనుమానమొస్తే, ఆ గిన్నెను చూడనైనా చూడకుండా పారబోస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఆమె నేర్పే మొదటి పాఠం ఇదే. అంతస్తు మొత్తం ఆమె బాటలోనే నడిచింది.

సమీక్ష దగ్గరపడుతున్న రోజుల్లో ఒక ఉదయం ఆమె రెండు అరలున్న గిన్నె ఒకటి పెట్టెలో అమర్చింది. ఎడమ అరలో అల్లుడున్న కణాలు, కుడి అరలో అల్లుడు లేనివి. రెండింటినీ వంతులవారీగా చిత్రం తీస్తూ ఉండమని యంత్రానికి చెప్పి, సెమినార్‌కు వెళ్లింది. తిరిగి వచ్చి పెట్టె మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది.

"దొరగారూ, వేడిగాలి ఎవరు ఆపారు?"

"నేనే వదినగారూ. ఫ్యాను అదురుతోంది, దాంతో బొమ్మ అదురుతోంది. ఒక్క నిమిషం ఆపుదామనుకున్నా."

"మీ ఒక్క నిమిషంలో నేను సెమినార్ విని, అందులో ఓ కునుకు తీసి, భోంచేసి కూడా వచ్చాను."

"కణాలేగా, మళ్లీ పెరుగుతాయి. లెన్సు పెరుగుతుందా?"

ఇంకో రోజైతే ఆమె గిన్నె పారబోసి, చిత్రం చెరిపేసి, రెండు రోజులు ఆయనతో మాట్లాడకుండా ఊరుకునేది. ఆ రోజు కోపం పద్ధతిని మించిపోయింది. చేసిన ఘనకార్యం కళ్లారా చూద్దురుగాని రమ్మని ఆయన్ను కుర్చీతో సహా తెర ముందుకు లాగి కూర్చోబెట్టింది.

ముందు కుడి అర. చలి ఎక్కుతున్నకొద్దీ నాళికలు ఒక్కొక్కటే కొసనుంచి తరిగిపోయాయి. దట్టంగా ఉన్నచోట పలచబడింది, పలచగా ఉన్నచోట ఖాళీ అయింది. కణం చూడబోతే చెదలు తిన్న చాపలా ఉంది. చలిదొర మఫ్లరు సర్దుకున్నాడు. అపరాధిలా కనబడాలని ఆయన నిజంగానే ప్రయత్నించాడు. ఇంకా అయిపోలేదు, ఇది కూడా చూడండి అని వదిన ఎడమ అర చిత్రం తెరిచింది. అక్కడ చూపించడానికి విధ్వంసం లేదు. నాళికలు పొద్దున ఎలా ఉన్నాయో అలాగే, గీతలు గీసినట్టు బారులు తీరి నిలబడి ఉన్నాయి.

"ఇక్కడ బాగానే ఉన్నాయిగా?" అన్నాడు చలిదొర.

"ఉండకూడదు."

"ఉండకూడనివి ఉంటే అది కూడా నా తప్పేనా?"

ఆమె చిత్రాన్ని వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. అరలు తారుమారు చేశానేమోనని గిన్నె తీసి గుర్తులు చూసింది. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, ఇన్నేళ్లూ తాను చేసిన పని ఏమిటో ఒక్కసారి తలపోసుకుంది. ద్రవం వెచ్చబెట్టింది. పలక వెచ్చబెట్టింది. శాలువా చుట్టింది. చలి సోకినదాన్నల్లా చూడకుండా పారబోసింది. కూలబోయే ఇంటికి అడ్డం నిలబడటమే అల్లుడి పనైతే, ఇల్లు ఎన్నడూ కూలబోకుండా రేయింబవళ్లు కాపలా కాసింది తనే. అల్లుడు పని చెయ్యడం లేదని అంతస్తు అంతా ఆడిపోసుకుంది గానీ, ఆయనకు పని పడనిచ్చిందెవరు?

ఈసారి ఆమె పెద్దాయన గదికి పరిగెత్తలేదు. కింది అంతస్తులో ఉన్న ఐసు యంత్రం దగ్గరికి వెళ్లింది.

వదిన బకెట్టు నిండా ఐసు మోసుకుంటూ మెట్లెక్కి వస్తుంటే, ఆమె దగ్గర శిష్యరికం చేసినవాళ్లు తలుపుల దగ్గర నిలబడి చూశారు. వేడినీళ్ల సీసా మతానికి పీఠాధిపతి మతం మార్చుకున్నట్టుంది వాళ్లకు. ఆమె కణాల గిన్నెను ఆ ఐసులో కూర్చోబెట్టింది. అల్లుడు లేని కణాల్లో నాళికలు తుడిచిపెట్టుకుపోయాయి, పొగలాంటి మసక తప్ప ఏమీ మిగలలేదు. అల్లుడున్న కణాల్లో నిలబడ్డాయి. లేని కణాల్లోకి అల్లుణ్ణి తిరిగి తెచ్చి పెట్టింది, కుమ్మరించకుండా ఇంట్లో మామూలుగా ఉండేంతే. ఆ కణాల్లోనూ నిలబడ్డాయి. నాళికను పట్టుకునే చెయ్యి కత్తిరించిన అల్లుణ్ణి పెట్టింది. కూలాయి. తన కళ్లు తనకు కావలసిందే చూస్తున్నాయేమోనని అనుమానమొచ్చి, గిన్నెల గుర్తులు తోటి విద్యార్థినిచేత కప్పించి, ఏది ఏదో తెలియకుండా చూసి తీర్పు రాసింది. తీర్పు మారలేదు.

ఇంట్లో ఈ సంగతి చెబితే అత్తగారు ఆశ్చర్యపోలేదు. నీడపట్టున కూర్చోబెట్టి అన్నీ చేతికందిస్తే ఎవడు మాత్రం కాలు కదుపుతాడని అంది. అది తనకు మొదట్నుంచీ తెలుసనీ, అడగలేదు కాబట్టి చెప్పలేదనీ కూడా అంది.

సమీక్ష రోజున పెద్దాయన పక్కన బయటనుంచి వచ్చిన పరీక్షాధికారిణి కూర్చుంది. సందేహాలమ్మ అని ఆవిడకు దేశదేశాల్లో పేరు. మంచి వాతావరణం అని ఎవరైనా అంటే దేనితో పోల్చి అని అడిగే మనిషి. వదిన చిత్రాలు చూపిస్తున్నంతసేపూ ఆవిడ కదల్లేదు. అయిపోయాక కలం బల్ల మీద పెట్టింది.

"జంతువు ఒళ్లు లోపల వెచ్చగానే ఉంటుంది కదా. కణాన్ని ఐసులో పెట్టింది మీరు, ప్రకృతి కాదు. మీరే గొయ్యి తవ్వి, మీరే తోసి, చూడండి ఎంత బాగా పైకి వచ్చాడో అంటున్నారు."

గదిలో ఎవరో దగ్గబోయి మానుకున్నారు. వెనక వరసలో చలిదొర చూపు కిటికీ వైపు తిరిగింది.  ఆ ప్రశ్న వస్తుందని వదినకు తెలుసు. అందుకు సిద్ధపడే వచ్చింది.

ఆమె చివరి చిత్రం తెర మీద వేసింది. ఇందులో ఐసు లేదు. కణాలు వెచ్చగా, హాయిగా, పెట్టెలోనే ఉన్నాయి. నాళికలను విడగొట్టే మందు మాత్రం కొద్దిగా పోసింది. అల్లుడు లేని కణంలో నాళికలు కరిగాయి. వాటి ఆసరా పోగానే కణం చాచిన పొడుగాటి చెయ్యి ముడుచుకుంటూ, ముడుచుకుంటూ, మొదలుదాకా వెనక్కి వచ్చేసింది. అల్లుడున్న కణం చెయ్యి చాచినట్టే ఉంది. దాని లోపల సరుకులు బాట పట్టుకుని ఏమీ జరగనట్టు వెళుతూనే ఉన్నాయి.

"చలి ఒక్కటే కాదు మేడం. కూలదొయ్యడానికి ఏదొచ్చినా సరే, అల్లుడు అడ్డం నిలబడతాడు. అంతా బాగున్నప్పుడు అతని అవసరం రాదు, అందుకే తీసేసినా మాకు తేడా తెలియలేదు. అసలు తేడా తెలిసే అవకాశం నేనే ఇవ్వలేదు," అంది వదిన.

సందేహాలమ్మ రాసుకుంటూ ఒకచోట ఆగింది. "అల్లుడంటే?"

 నోరు జారిన సంగతి వదినకు అప్పుడు తెలిసింది. పెద్దాయన కాసేపు పైకప్పు పరిశీలించి, ఎప్పటి గొంతుతోనే చెప్పాడు.

"సాంకేతిక పదం అమ్మా. ఈ ప్రయోగశాలలో వాడుకలో ఉంది."

ఆవిడ తలూపి, ఆ పదం కూడా రాసుకుంది. తర్వాత కాగితాలు వెనక్కి తిప్పి, ఈ ప్రోటీన్‌ను వదిలేద్దామని ఇంతకుముందు ఎవరో రాసినట్టుందే, ఎవరది అని అడిగింది. వదిన తల వంచుకుని బల్ల చూసింది. అది చెప్పాల్సిన మనిషి తను కాదు.

"నేనేనమ్మా," అన్నాడు పెద్దాయన. "నాది పొరపాటు. ఈ పని ఈవిడది, పత్రం మీద ముందు పేరూ ఈవిడదే ఉంటుంది. ఫెలోషిప్ ఇంకా ఎంతకాలం కావాలో ఈవిడే చెప్పాలి, మనం సంతకం పెట్టాలి."

అన్నది శుభవార్తో కాదో తెలుసుకోవడానికి ఈసారి నడవలోకి వెళ్లాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. సందేహాలమ్మ అప్పటికే సంతకం పెడుతోంది. పెడుతూ, మందు మోతాదు గురించి ఇంకో మూడు సందేహాలున్నాయి, అవి తీరిగ్గా ఉత్తరం రాస్తాలెండి అంది. ఆవిడ నోట అంతకు మించిన ప్రశంస విన్నవాళ్లు లేరట. చలిదొర లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, ఉన్ని చేతితొడుగులు వేసుకుని ఉండటంతో చప్పుడు రాలేదు. పత్రంలో కృతజ్ఞతల దగ్గర తన పేరు వేస్తే, ఫ్యాను ఆపిన సంగతి వివరంగా రాయనక్కర్లేదని తలుపు దగ్గర ఆమెను నెమ్మదిగా కోరాడు. ప్రముఖంగా వేస్తానని ఆమె మాటిచ్చింది.

మర్నాడు పొద్దున్నే వదిన పెద్ద బకెట్టు పట్టుకుని కింది అంతస్తుకు దిగింది. సందేహాలమ్మ మూడు సందేహాలూ ఆవిడ రాయకముందే తీర్చేద్దామని ఆమె పట్టుదల. ఐసు యంత్రం ముందు వరస కట్టి ఉంది. పెద్దత్తయ్య మీద పనిచేసే అమ్మాయి, బావమరిది మీద పనిచేసే అబ్బాయి, ఆడపడుచు మీద పనిచేసే ఇద్దరూ, పైగా మూడో అంతస్తునుంచి ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు, అందరి చేతుల్లోనూ బకెట్లే. ఇన్నాళ్లూ వెచ్చగా దాచిపెట్టి, పనికిమాలినవని పక్కన పడేసిన ప్రోటీన్లన్నిటినీ ఒకసారి చలిలోకి తోసి చూద్దామని అందరికీ ఒకే రాత్రి బుద్ధి పుట్టింది.

"వదినా, మీరు ముందు తీసుకోండి," అని ఎవరో జరగబోయారు. యంత్రం గరగరలాడి, ఆఖరి రెండు ముక్కలు రాల్చి, ఊరుకుంది. ఐసు అయిపోయింది.

వదిన వరస పొడుగునా ఒకసారి చూసింది. ఎవరెవరు ఏ కణాలను ఎంతసేపు ఐసులో ఉంచబోతున్నారో అక్కడే నిలబడి అడిగింది. ఇద్దరిని మందలించింది, ఒకరికి గిన్నెల గుర్తులు కప్పి పెట్టుకోమని చెప్పింది. తర్వాత ఖాళీ బకెట్టు ఊపుకుంటూ మెట్లెక్కి తన బల్ల దగ్గరికి పోయింది.